వీకెండ్‌లో ప్యారిస్: వెళ్ళొచ్చామనిపించుకోవడం ఎలా

జర్మనీకి మాస్టర్స్ చదవడానికొచ్చి, రెండో సెమిస్టర్ గడిచినా ప్యారిస్ చూడని తెలుగు విద్యార్థి అంటే బంధువుల దృష్టిలో ఏదో లోపమున్న మనిషి. "అంత దూరం వెళ్ళి ఈఫిల్ టవర్ కూడా చూడలేదా?" అని విజయవాడ నుంచి పిన్ని అడుగుతుంది. ఆవిడ దుర్గమ్మ కొండెక్కి ఎన్నేళ్ళయిందో మనం అడగకూడదు. తోడు రమ్మంటే ఒకడికి పార్ట్‌టైమ్ షిఫ్టు, ఇంకొకడికి థీసిస్, మరొకడికి బద్ధకం. కాబట్టి ఒక్కరే వెళ్ళాలి. ఒక్కరే వెళ్ళినా క్షణం కూడా ఒంటరిగా ఉండకుండా, ఊరంతా తిరిగినా ఊరు కంటపడకుండా వచ్చేసే పద్ధతి ఒకటుంది. చెబుతాను, రాసుకోండి.

ముందు ఇంటి సంగతి. నలుగురు ఫ్రెండ్స్‌తో వెళ్తున్నానని చెప్పండి. ఒక్క అబద్ధంతో తెమిలే వ్యవహారం కాదిది. ఆ నలుగురి పేర్లు, సొంతూళ్ళు, వాళ్ళలో వంటొచ్చిన వాళ్ళెవరు అన్నది కూడా సిద్ధం చేసుకోవాలి, అమ్మ అడిగేది అదే. శనివారం సాయంత్రానికల్లా "అందరూ కలిసున్న ఫోటో ఒకటి పెట్టు" అని నాన్న మెసేజ్ వస్తుంది. కంగారు పడకుండా టవర్‌కి ఎదురుగా ఉండే ట్రొకాడెరో మెట్ల దగ్గర మనవాళ్ళలా కనిపించే ఏ గుంపునైనా ఆపి, "బ్రదర్, ఒక్క ఫోటో" అని మధ్యలో నిలబడండి. వాళ్ళు హనీమూన్‌కొచ్చిన జంటయితే ఇంట్లో సర్దిచెప్పుకోవడం మీ తెలివి. హాస్టల్ అడ్రసు మాత్రం ఇంట్లోవాళ్ళకే కాదు, రూమ్మేట్‌కి కూడా ఇవ్వకండి. మీకేదైనా అయితే వాళ్ళు అనవసరంగా పరిగెత్తుకొస్తారు.

టికెట్ కొనేటప్పుడు ధర చూడాలిగానీ విమానాశ్రయం పేరు చూడకూడదు. "ప్యారిస్ బోవే" అని ఉందా? ప్యారిస్ అన్న మాట ఉంది, చాలు. బోవే ప్యారిస్‌కి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. హైదరాబాద్‌కి టికెట్ కొంటే జనగామలో దింపినట్టన్నమాట. అక్కణ్ణించి నగరంలోకి వెళ్ళే బస్సు ఖర్చు విమానంలో మిగిల్చిన డబ్బుని మింగుతుంది. మింగనివ్వండి. మనం చెప్పుకునేది విమానం టికెట్ ధర ఒక్కటే కదా. యూరప్ పాస్‌పోర్టు లేనివాళ్ళు కౌంటర్లో పత్రాలు చూపించాలని కొన్ని చౌక విమానాల బోర్డింగ్ పాస్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చిన్న అక్షరాలు చదవడానికి మీరేమైనా లాయరా?

డబ్బు విషయంలో నిక్కచ్చిగా ఉండాలి. విద్యార్థి వీసా కోసం ముందే జమచేసే బ్లాక్డ్ అకౌంట్ మొత్తం 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు. నెలకి చేతికొచ్చేది 992. అద్దె, ఇన్సూరెన్స్ పోగా మిగిలేదేమిటో మీకు తెలుసు. కనుక ప్యారిస్‌లో కనిపించిన ప్రతి ధరనీ వందతో గుణించండి, పైకి వినపడేలా గుణించండి. కాఫీ నాలుగు యూరోలంటే నాలుగు వందల రూపాయలు! అలా గుణించుకుంటూనే వెళ్ళి బయట వీధివైపు వేసిన కుర్చీలో కూర్చోండి. అదే కాఫీ లోపల కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చాలా కెఫేల్లో తక్కువకే ఇస్తారు, కానీ నిలబడి తాగితే ఫోటోలో పడదు. దాహమేస్తే టవర్ కింద తిరిగేవాళ్ళ దగ్గర సీసా కొనండి. రిచర్డ్ వాలెస్ అనే ఇంగ్లీషాయన 1872లో ఈ ఊరికి పెట్టించడం మొదలుపెట్టిన ఆకుపచ్చ ఇనప ఫౌంటెన్లు ఇప్పటికీ వీధుల్లో ఉన్నాయి. వాటిలో మంచినీళ్ళు ఊరికే వస్తాయి, కాబట్టే అనుమానించాలి.

ఇక లూవ్ మ్యూజియం. లాంగ్ వీకెండ్ దొరికితే సోమవారం వెర్సాయ్ రాజభవనం, మంగళవారం లూవ్ పెట్టుకోండి. సోమవారం వెర్సాయ్ మూసేస్తారు, మంగళవారం లూవ్ మూసేస్తారు, కాళ్ళకి విశ్రాంతి. ఖర్మకాలి తెరిచి ఉన్నరోజే వెళ్ళారనుకోండి, జర్మన్ రెసిడెన్స్ పర్మిట్ ఊసెత్తకండి. యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో నివాసముండే 26 ఏళ్ళలోపు వాళ్ళకి అక్కడ ప్రవేశం ఉచితం. విద్యార్థులమని చెప్పుకోవడం నామోషీ కాదూ?

లోపల దారి తప్పే భయం లేదు. జనం ఎటు పోతే అటు పోతే మోనాలిసా ముందు తేలతారు. బొమ్మ 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. అద్దం వెనక, గుంపుకి అవతల, ఎత్తిన ఫోన్ల సందుల్లోంచి కనిపిస్తుంది. మీరు కూడా ఫోన్ ఎత్తండి, ఆవిడకి వీపు తిప్పి సెల్ఫీ తీసుకోండి. ఒక్క జాగ్రత్త: ఎదురు గోడ వైపు చూడొద్దు. అక్కడ వెరోనీజ్ వేసిన పెళ్ళి విందు ఉంది. దాదాపు పది మీటర్ల వెడల్పు, లూవ్‌లో దాన్ని మించిన పెద్ద చిత్రం లేదు. 1797లో నెపోలియన్ సైన్యం వెనిస్ నుంచి ఎత్తుకొచ్చింది. నడిమధ్య మేళగాళ్ళు వాయిస్తుంటారు, ఒకడు పెద్ద జాడీలోంచి ద్రాక్షసారా వంపుతుంటాడు, పైన వసారాలో మాంసం కొడుతుంటారు, బల్లల దగ్గర కుక్కలు. మన పెళ్ళిళ్ళలో రెండో బంతి లేచే వేళకుండే సందడంతా అందులో ఉంది. దాని ముందు నిలబడితే అరగంట ఇట్టే పోతుంది, ఆ అరగంటకి స్టోరీలో పెట్టడానికి ఏమీ మిగలదు. అందుకే గదిలో ఎక్కువమంది దానికి వీపు తిప్పి నిలబడతారు. వాళ్ళు అనుభవజ్ఞులు.

మెట్రోలో లోపలికి వెళ్ళగానే టికెట్ కార్డు పారేయండి. తనిఖీవాళ్ళు బయటికెళ్ళే దారిలో నిలబడి అడిగేది దాన్నే. ఫోన్ చేత్తో పట్టుకుని తలుపు పక్కనే నిలబడండి, తలుపులు మూసుకునే క్షణంలో లాక్కుపోయేవాళ్ళకి వీలుగా ఉంటుంది. టికెట్లు, మ్యాపు, బ్యాంకు, హాస్టల్ బుకింగు అన్నీ ఆ ఒక్క ఫోన్లోనే ఉంటే ఇంకా మంచిది. సాక్రే కర్ గుడి మెట్ల కింద ఎవరైనా స్నేహంగా వచ్చి మణికట్టుకి రంగుల దారం కట్టబోతే చెయ్యి చాపండి. తిరుపతిలో కట్టించుకోలేదా? ఇక్కడ ముడి బిగిశాక రేటు చెబుతారు.

తిండికి గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ వైపు వెళ్ళకండి. అక్కడ శ్రీలంక తమిళుల కొట్లున్నాయి, దోసెలు, అన్నం, కూరలు తక్కువకే దొరుకుతాయి, దగ్గర్లో వినాయకుడి గుడి కూడా ఉంది. మనసు కుదుటపడే ప్రమాదముంది. దాని బదులు నాలుగు భాషల్లో మెనూ, ఆ మెనూ మీద రంగు ఫోటోలు ఉన్న చోట తినండి. లోపలికి అడుగుపెట్టగానే బోంజూర్ అనకుండా తిన్నగా ఇంగ్లీషులో ఆర్డర్ చెప్పండి. ఆ తర్వాత ప్యారిస్ వాళ్ళకి పొగరని పదిమందికీ చెప్పుకోవచ్చు.

రాత్రి చీకటి పడ్డాక టవర్ గంటకోసారి అయిదు నిమిషాలు మిలమిలా మెరుస్తుంది. ఆ అయిదు నిమిషాలూ ఇంటికి వీడియో కాల్ చేయండి. వేసవిలో అక్కడ పదకొండంటే ఇంట్లో తెల్లవారుజామున రెండున్నర. నాన్న కళ్ళద్దాలు వెతుక్కుని, అమ్మ లైటు వేసి, "ఏదీ, కనపడట్లేదు, కొంచెం పైకి పెట్టు" అనేలోపు మెరుపులు ఆగిపోతాయి. మీరూ చూడరు, వాళ్ళూ చూడరు. ఎవరూ బాధపడక్కర్లేదు.

తిరుగు ప్రయాణానికి ఆదివారం రాత్రి ఆఖరి బస్సు ఎక్కండి, సోమవారం ఎనిమిదింటికి ల్యాబ్ ఉన్నా సరే. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు పోతాయేమోనని ముందే రూమ్‌లో బీరువాలో దాచి ఉంటారు కదా, మంచి పని చేశారు. షెంగెన్ దేశాల మధ్య సరిహద్దులు లేవని సీనియర్ చెప్పాడు. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టిన సంగతి ఆ సీనియర్ చదువైపోయాక జరిగింది. అర్ధరాత్రి బస్సాపి, టార్చి వేసుకుని పోలీసులు ఎక్కితే బెదరకండి. టవర్ ముందు దిగిన ఫోటోలన్నీ వరసగా చూపించండి. మీరు ప్యారిస్ వెళ్ళొచ్చారని వాళ్ళు వెంటనే ఒప్పుకుంటారు. మిమ్మల్ని జర్మనీలోకి రానివ్వడానికి మాత్రం వాళ్ళకి పాస్‌పోర్టూ, కార్డూ రెండూ కావాలి.