తెరయె మేనుగాగ: ఐమ్యాకు ప్రథమదర్శన పద్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

2021వ సంవత్సరము ఏప్రిల్ 20వ తేదీని కాలిఫోర్నియాలో యాపిల్ సంస్థవారిచే ప్రకటింపబడి, మే నెల ద్వితీయార్ధమున విపణికి వచ్చిన 24 అంగుళముల ఐమ్యాకు నొకదానిని మొట్టమొదటిసారి చూచి, దానిముందు నిలుచుండియే యొకానొక కవి యాశువుగ చెప్పిన యాటవెలది మాకు లభించినది. కవి నామధేయము తెలియరాలేదు. కవికిని వ్యాఖ్యాతకును దగ్గరి చుట్టరికమున్నదని కొందరు గుసగుసలాడుచున్నారు గాని, కర్తృత్వ వివాదములలో తలదూర్చుట మాకు సమ్మతము కాదు. పద్యము చదువగనే తెలియునదిగా కనబడును. చదువగనే తెలియు పద్యములకే టీక యెక్కువ కావలసివచ్చుననుట వ్యాఖ్యాతల లోకమున నందరెరిగిన రహస్యము.

మూలము

ఆ.వె. తెరయె మేనుగాగఁ దీగ యొక్కటి చాలు
వ్రేలికంటె సన్నవీఁపు గలది
గడ్డమందె బుద్ధి గలదు దీనికిఁ జూడఁ
గొన్నవెనుక మార్పు కూడ దెపుడు

ప్రతిపదార్థము

తెరయె = గాజుతెరయే; మేను కాగన్ = శరీరము కాగా; తీగ యొక్కటి చాలు = విద్యుత్తు తెచ్చు కేబులొక్కటి తగిలించిన సరిపోవును; వ్రేలికంటె = మనుష్యుని వ్రేలి మందముకంటె; సన్నవీఁపు గలది = పలుచనైన వెనుకభాగము గలది; చూడన్ = విచారింపగా; దీనికిన్ = ఈ యంత్రమునకు; గడ్డమందె = తెరక్రింది పట్టీయందే; బుద్ధి = గణనసామర్థ్యము; కలదు = ఉన్నది; కొన్నవెనుక = వెల చెల్లించిన పిమ్మట; మార్పు = లోని భాగములను పెంచుట మొదలగునవి; ఎపుడు = ఎన్నటికిని; కూడదు = వీలుపడదు.

తాత్పర్యము

ఈ యంత్రమునకు తెరకంటె వేరైన దేహము లేదు, తెలివి తలలో గాక గడ్డములో నున్నది, కొనువాడు కొనకముందే యాలోచించుకొనవలెనని భావము. తక్కినది విశేషములలో తేటపడును.

విశేషములు

'తెరయె మేను' అనుచోట రూపకాలంకారమని తొందరపడరాదు. తెరను మేనితో నభేదముగ వర్ణించుట కాదిది. తెర నిజముగనే మేనైనది. బల్లమీద మానిటరు, బల్లక్రింద సీపీయూ యని జనులు పిలుచు రేకుపెట్టె, ఆ రెంటి నడుమ దుమ్ముపట్టిన తీగల చిక్కు, ఇవి గృహస్థులకు చిరపరిచితములు. ఆ పెట్టెను తెరతో నేకము చేయవలెనను తలపు నేటిది కాదు. 1984 జనవరిలో వెలువడిన తొలి మెకింటాషులోనే తొమ్మిదంగుళముల తెరయు యంత్రమును నొకే పెట్టెలో కాపురముండెను. ఎత్తుకొని పోవుటకు నడినెత్తిన పిడి గూడ నుండెను. 1998లో జానీ ఐవ్ రూపకల్పనమున వచ్చిన మొదటి ఐమ్యాకు, లోని భాగములు లీలగా కనబడు నీలివన్నె దేహముతో, 15 అంగుళముల కాథోడ్ కిరణనాళముతో, పదునేడు కిలోల బరువుతో బల్లనంతయు నాక్రమించి కూర్చుండెను. వానియందు తెర శరీరములోని యొక యవయవము. 2004లో యంత్రభాగములను తెర వీపునకు చేర్చినది మొదలు ఈ సంబంధము తారుమారగుచు వచ్చి, నేటికి శరీరమే తెరకొక యవయవమైనది. కావుననే కవి 'మేనిలోని తెర' యనక, తెరపై నేవకారము పెట్టి 'తెరయె' యన్నాడు. ఆ యొక్క యక్షరములో ముప్పదియేడేండ్ల చరిత్ర యున్నది.

'తీగ యొక్కటి చాలు' ననుట యథార్థమే. కీబోర్డును మౌసును బ్లూటూత్ మూలమున తీగలు లేకయే పనిచేయును. కావున కంటికి కనబడునది నేతతొడుగు గల రెండు మీటర్ల కేబులొక్కటియే. అది దేహపు వన్నెలోనే యుండి, అయస్కాంతముచే వీపున టక్కున నంటుకొనును. అయితే పూర్వపక్షులు లేచి, ఆ తీగ రెండవకొస నేమున్నదో కవి యేల దాచినాడని ప్రశ్నించుచున్నారు. న్యాయమైన ప్రశ్న. ఆ కొసను 143 వాట్ల అడాప్టరొకటి, తెల్లని పెట్టె, నేలమీద పరుండియున్నది. పాత ఐమ్యాకులలో ఈ యవయవము కడుపులోనే యుండెడిది. సర్వమును నాలోనే యున్నదని బిరుదు ధరించిన యంత్రము తన జీర్ణకోశమును గడపవెలుపల విడిచి వచ్చినదని వారి యాక్షేపము. దీనికి సమాధానముగ, ఇంటర్నెట్టు తీగకు వలయు ఈథర్నెట్టు పోర్టును గూడ ఆ పెట్టెకే యమర్చి, విద్యుత్తును సమాచారమును నొకే కేబులు మీద పైకి పంపిన నేర్పును చూపవచ్చును. తక్కువ వెల నమూనాకు మాత్రము ఆ పోర్టు రాలేదు. అదనముగ చెల్లించి పెట్టించుకొనవలసియుండెను. సమాధానమే గాని, పూర్తి సమాధానము కాదు. అసలు కారణము రెండవ పాదములో నున్నది.

'వ్రేలికంటె సన్నవీఁపు' అనగనే లాక్షణికులు అతిశయోక్తి యని వ్రాసికొందురు. కలము దించవలసినది. ఈ యంత్రపు మందము 11.5 మిల్లీమీటర్లు. వ్రేలు ప్రక్కన పెట్టి చూచినచో కవి యున్నదున్నట్లు చెప్పినాడని తేలును గనుక ఇది స్వభావోక్తియే. యంత్రములు కవులకు మిగిల్చినది స్వభావోక్తి యొక్కటియే యని వ్యాఖ్యాతకు తోచుచున్నది.

ఈ పాదమే పద్యమునకు ప్రాణము. మీమాంసకుల పరిభాషలో చెప్పవలెనన్న, ఈ యంత్రమున పలుచదనము అంగి, తక్కినవన్నియు నంగములు. అడాప్టరు లోపల పట్టదు గనుకనే వెలుపలికి పోయినది. ఇయర్‌ఫోను చీల పొడవు సుమారు 14 మిల్లీమీటర్లు. వీపునుండి గ్రుచ్చినచో ముందుకు పొడుచుకొని రావలసినదే గనుక, ఆ రంధ్రమును నెడమ యంచునకు తరలించినారు. పెద్ద యూఎస్‌బీ పోర్టులు పోయినవి. సన్ననివి రెండో నాలుగో వీపున నున్నవి. మన జేబులలోని పాత పెన్‌డ్రైవు వానియందు దూరదు. ఎవరో యొకరు ఆదియందు 'పలుచన కావలెను' అని సూత్రము వ్రాసి యుండవలెను. తక్కిన యింజనీర్లందరు దానికి భాష్యము వ్రాసినారు.

సరే, పలుచనైనది. ఎవరికొరకు? తెరముందు కూర్చుండి పనిచేయువానికి యంత్రపు మందము కనబడదు. పాతది దీనికంటె మందమైనను వానికి తెరయే కనబడెడిది, నేడును తెరయే కనబడును. రంగుల విషయమును నట్లే. ఆకుపచ్చ, పసుపు, నారింజ, గులాబి, ఊదా, నీలము, వెండి యని యేడు వన్నెలు చేసినారు. 1999 నాటి ఐదు పండ్లరంగుల ఐమ్యాకులను మరువని వారికి ఇది చూచి మనసు కరగవచ్చును. కాని నిండువన్నె యంతయు వీపున పోసి, ముందరి గడ్డమునకు వెలిసిన ఛాయ యొకటి పూసి, తెరచుట్టు నంచును తెలుపుచేసి విడిచినారు. డబ్బు చెల్లించినవాడు వెలిసిన ఛాయను చూచుచు కూర్చుండగా, ఎదుట నిలిచినవాడు నిండువన్నెను చూచి మురియును. అమెరికాలోని యంగళ్లలో, వైద్యుల స్వాగతపు బల్లలపై, యంత్రము గది నడుమ నుండును గనుక అక్కడ వచ్చిపోవువారికి నేత్రోత్సవమే. మన యిండ్లలో బల్లను గోడకు చేర్చి వేయుట యాచారము. ఆ సొగసంతయు గోడ యనుభవించును. కవి తెరను మేనన్న తరువాత, రెండవ మాటగ ముఖమును వర్ణింపక వీపును వర్ణించుటలోని ధ్వని యిదియే యని మా యభిప్రాయము.

పసుపు, నారింజ, ఊదా వన్నెలు తక్కువ వెల నమూనాకు లేకుండెననియు, అవి సంస్థవారి సొంత యంగడిలోనే దొరకెననియు చెప్పి ముందునకు సాగెదము.

'గడ్డమందె బుద్ధి': తెరక్రింద నున్న వెడల్పైన పట్టీని లోకము గడ్డమనుచున్నది. ఇదివరకు దానిమీద సంస్థవారి కొరికిన యాపిలుపండు ముద్ర యుండెడిది. ఈసారి ముద్రను తీసివేసినారు, గడ్డము మిగిలినది. ఇన్నియేండ్లకు క్రొత్తరూపము దాల్చిన యంత్రమునకు గడ్డమింకను నేలయని విమర్శకులనేకులు మొగము చిట్లించినారు. వారు పద్యము చదివినవారు కారు. గడ్డములో నేమున్నదో చూడుడు: మదర్‌బోర్డు, దానినడుమ ఎం1 చిప్పు, దానికిరుప్రక్కల రెండు చిన్న ఫ్యాన్లు, తక్కువ వెల నమూనాలో నొకటి, అన్నియు నక్కడనే. తెరవెనుక తక్కిన తావున దాదాపేమియు లేదు. గడ్డమును గొరిగినచో ఆ సరుకంతయు తెరవెనుకకు చేరి వీపు లావగును. పలుచని వీపును మెచ్చుకొని గడ్డమును తెగడువాడు, పర్యవసానమును వద్దని కారణమును ముద్దుపెట్టుకొనుచున్నాడు.

అలంకారము మాటకు వత్తము. కారణమొకచోట నుండగా కార్యము వేరొకచోట పుట్టిన నది అసంగతి. ఆలోచన గడ్డమున జరుగును. ఫలము నుదుట మెరయును. ఆ మెరుపు కూడ సామాన్యము కాదు. అడ్డము 4,480, నిలువు 2,520 చుక్కలు, అనగా కోటి పండ్రెండు లక్షలకు పైబడిన చుక్కలు ఆ తెరమీద గలవు; తెలుగక్షరముల వత్తులు, గుడులు, సుడులు అచ్చుపుస్తకములో వలె తేరి కనబడును. తెరను గూర్చి తగవులు లేవు. ధ్వనిని గూర్చియు లేవు. అంత పలుచని దేహములో ఆరు స్పీకర్ల నెట్లమర్చిరో గాని, పాట గదినిండుగ వినబడును. ఇంటనుండియే కొలువు చేయుచు కెమెరాలలో నొకరి ముఖములొకరు చూచుకొనుచుండిన ఆ కాలమున, పాత 21.5 అంగుళముల నమూనాలోని మసక కెమెరా స్థానమున 1080పీ కెమెరాను పెట్టుట మెచ్చదగినది. మెచ్చరానిది పీఠము. అది తెరను ముందునకు వెనుకకు వాల్చును గాని పైకెత్తదు. వ్యాఖ్యాత పొడవరి గనుక శబ్దరత్నాకర నిఘంటువును దానిక్రింద నుంచవలసివచ్చినది. నిఘంటుకర్త బహుజనపల్లి సీతారామాచార్యులవారు దీనికి కోపింపరని నమ్మిక.

నాల్గవ పాదమునకు పాఠాంతరమొకటి కలదు: 'కొనెడివేళ మార్పు కూడు ననిరి'. ఛందస్సు రెంటను సరిపోవును. ఈ పాఠము అమ్మకందార్ల ప్రతులలో నెక్కువ. కొనునపుడే అదనముగ చెల్లించి 8 జీబీల మెమొరీని 16 చేయించుకొనుటకు వీలుండెనను నర్థము అబద్ధము కాదు. కాని కవిహృదయము కొన్నవెనుకటి పాఠముననే యున్నది. మెమొరీ యిందు ఎం1 చిప్పుతో నొకే దిమ్మెగ పోతపోయబడినది. 5 నానోమీటర్ల పద్ధతిని చేసిన ఆ చిప్పులో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లున్నవట. వాని ప్రక్కనే మెమొరీ యుండుటచేత రాకపోకల యాలస్యము తగ్గి, వేగము పెరిగి, వేడి తగ్గి, ఫ్యాను చప్పుడు చెవి యొగ్గి విన్నను వినబడుటలేదు. లాభముతోపాటు బంధనమును వచ్చినది. మునుపటి 27 అంగుళముల ఐమ్యాకు వీపున మెమొరీ మార్చుకొనుటకు చిన్న తలుపొకటి యుండెడిది. అట్టి తలుపు దీనికి లేదు.

ఇచ్చట సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో అంగడి యంగడికి తిరిగి, మదర్‌బోర్డొకచోట, క్యాబినెట్టొకచోట, ర్యామింకొకచోట బేరమాడి కొని, యింటికి తెచ్చి కూర్చుకొను సంప్రదాయమువారు తీవ్రముగ నాక్షేపింతురు. 2021లో రూ. 1,19,900 పోసి, 8 జీబీల మెమొరీ, 256 జీబీల నిలువ గల యంత్రమును కొని, ఆజన్మాంతము దానితోనే కాపురము చేయుట యెక్కడి ధర్మమని వారి ఘోష. వారి వాదము వ్యాఖ్యాతకు సగముపైగా నచ్చినది. అయినను ఆ సంప్రదాయమువారి గదులలో బల్లక్రింద కాలు చాచుకొను తావెన్నడును మేము చూచి యెరుగము. ఈ యంత్రముక్రింద నిక్షేపముగ చాచుకొనవచ్చును. వ్రాతకోతలవారికి 8 జీబీలు చాలును. చలనచిత్రములు కూర్చువారు పాఠాంతరమును నమ్మి 16 పెట్టించుకొనియుండుట మేలు.

ఇక మౌసు. దానికి విద్యుత్తెక్కించు రంధ్రము పొట్టక్రింద నుండుటయు, తీగ తగిలించినంతసేపు నది వెల్లకిల పడి యెందుకును గొరగాకుండుటయు, 2015 నుండి జనులు పకపక నవ్వుచున్నను 2021 నాటి ఈ యంత్రముతో గూడ నదే మౌసు రంగుమాత్రము మార్చుకొని వచ్చుటయు నెరుగనివారు లేరు. కాని పద్యమున మౌసు ప్రసక్తి లేదు. మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు నియమము పెట్టుకొన్న కోలాచల మల్లినాథసూరి మన మెదకుసీమవాడు. అట్టి వ్యాఖ్యాతృసార్వభౌముని నియమమును మీరుట మావంటివారికి తగదు గనుక, మౌసును గూర్చి మేమేమియు చెప్పుటలేదు.