తగ్గితే మాది, పెరిగితే మీది

2020 ఏప్రిల్ 20న అమెరికా మార్కెట్లో ముడిచమురు ధర సున్నా కూడా దాటి కిందికి జారి, మైనస్ 37 డాలర్ల దగ్గర ఆగింది. అమ్మేవాడే ఎదురు డబ్బిచ్చి ‘బాబ్బాబు, ఈ పీపా పట్టుకుపో’ అని బతిమాలుకున్నాడన్నమాట. మా వీధి డీజిల్ ఆటో అతను పేపరు పట్టుకుని పరుగున వచ్చాడు.

“మన బంకులో కూడా ఎదురిస్తారా సార్?”

లాక్‌డౌన్‌లో బండి తీసి నెల కావొచ్చింది. ఆశకు డీజిల్ అక్కర్లేదు కదా!

మే 5 రాత్రి కేంద్రం జవాబు చెప్పింది. లీటరు పెట్రోలుపై 10, డీజిల్‌పై 13 రూపాయల సుంకం పెంచింది. మార్చిలో వడ్డించిన 3 రూపాయలు దీనికి ముందు విస్తట్లోవి. ‘కంగారొద్దు, బంకులో ధర మారదు’ అన్నారు. నిజమే, మారలేదు. దిగాల్సింది దిగలేదంతే. జేబులో చెయ్యి పెడితే దొంగతనం. జేబులో పడబోయేదాన్ని గాల్లోనే అందుకుంటే ఆర్థిక విధానం.

2014లో డీజిల్‌ను మార్కెట్‌కు అప్పగిస్తూ, ఇకపై ధర మార్కెట్‌దే అన్నారు. ఎక్కేటప్పుడు మాత్రమేనని మనమే అర్థం చేసుకోవాల్సింది.

రాష్ట్రాలేమైనా తక్కువ తిన్నాయా? మే 4న మద్యం దుకాణాలు తెరిచిన ఆంధ్రప్రదేశ్ మొదట 25 శాతం, ఆ వెంటనే మరో 50 శాతం బాదింది. తాగుడు మాన్పించడానికట. మరి కేంద్రం మా ఆటో అతని చేత ఏం మాన్పించాలనుకుందో!

మే 12న కేంద్రం నుంచి 20 లక్షల కోట్ల రూపాయల ప్యాకేజీ వచ్చింది. అందులో తన వాటా ఎంతో ఆటో అతను వెతుక్కున్నాడు. కొత్త అప్పు తెచ్చుకునే సదవకాశం దొరికింది. పాత అప్పు వాయిదాలకు ఆగస్టు దాకా విరామమిచ్చారు గానీ, వడ్డీ ఒక్కరోజూ సెలవు పెట్టలేదు. జూన్ 7 నుంచి బంకులో ధర రోజూ మెట్టెక్కడం మొదలెట్టింది. 24 నాటికి ఢిల్లీలో డీజిల్ పెట్రోలునే దాటేసింది.

2021 నవంబరులో, దీపావళి ముందురోజు, డీజిల్ సుంకం 10 రూపాయలు తగ్గించారు. కానుకట. ఆటో అతను వేళ్లు మడిచి లెక్కేశాడు.

“పదహారు పెంచి పది తగ్గించారు. మిగతా ఆరు సార్?”

“ఏ పండక్కో ఇస్తార్లే.”

ఆ ఆరూ 2022 మేలో దిగాయి. అప్పటికి అతని ఆటో ఫైనాన్స్ వాళ్ల యార్డులో ఉంది.