ఫ్యాను వేస్తే రంగు ఆరిపోతుంది

చిత్రకారిణిని కట్టుకున్నవాడికి విజయవాడ మే నెలలో ఫ్యాను మీద హక్కుండదు. ఆవిడ అక్రిలిక్ వేసే మనిషైతే అసలే ఉండదు. నూనెరంగులు వేసేవాళ్ల ఇళ్లలో భర్తలు కాస్త సుఖపడతారని నా అనుమానం. ఆ రంగు ఆరడానికి రోజులు పడుతుంది, ఫ్యాను తిరిగినా దానికి లెక్కలేదు. అక్రిలిక్ వ్యవహారం వేరు. రెసిన్‌ని సన్నటి రేణువులుగా నీళ్లలో కలిపి, అందులో రంగుపొడి వేసి చేసే సరుకు అది. నీళ్లు ఆవిరైతే చాలు, రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని పొర కట్టేస్తాయి. ఆ తర్వాత బిందెడు నీళ్లు గుమ్మరించినా కదలదు. చల్లటి ఊళ్లలో ఈ తతంగానికి పది, ఇరవై నిమిషాలైనా పడుతుందట. మా ఊళ్లో రోహిణి కార్తెలో ట్యూబు మూత తీసి, బ్రష్ ఎక్కడ పెట్టామో వెతుక్కునేలోగా అయిపోతుంది.

అందుకని మిట్టమధ్యాహ్నం మా ముందుగదిలో ఫ్యాను బంద్. మా ఆవిడ కాన్వాసు ముందు నిలబడి ప్రకృతిని ఆవాహన చేస్తూ ఉంటుంది. నేను పక్కన బట్టల ఇస్త్రీకి వాడే స్ప్రే సీసా పట్టుకుని చెమటలు కక్కుతూ ఉంటాను.

"కొట్టండి."

"ఎక్కడ?"

"రంగుమీదండీ! మీ మొహం మీద కాదు."

కళాపోషణ అంటే రాజులు అగ్రహారాలు రాసివ్వడం అనుకునేవాణ్ని. స్ప్రే కొట్టడమని ఈ ఇంట్లోనే తెలిసింది.

ఆవిడ వేసేవి నైరూప్య చిత్రాలు, వాటికి మూడ్ ముఖ్యం. అది కూడా ఆవిడ మాటే. ఎదురుగా చెట్టుంటే చెట్టు వేయడం కాదు, చెట్టుని చూసినప్పుడు లోపల కలిగింది వేయాలి. బాగానే ఉంది. కానీ లోపల కలగడానికి కొంత టైం పడుతుంది కదా. మూడ్ వచ్చేసరికి రంగు ఆరిపోతుంది. రంగు తడిగా ఉండగా గ్యాసు సిలిండరు అబ్బాయి బెల్లు కొడతాడు, మూడ్ పోతుంది. రెండూ ఒకేసారి కుదిరిన ముహూర్తాన పుట్టిన బొమ్మలు మా ఇంట్లో కొన్నే ఉన్నాయి. మిగతావాటికి ఆవిడ పెట్టుకున్న పేరు 'ప్రయోగాలు'.

వంటింటి నష్టాలు ఇంకో పద్దు. ఇడ్లీ పళ్లెం ఒకటి రంగులు కలుపుకోడానికి శాశ్వతంగా అంకితమైపోయింది. గుంటకో రంగు, చాలా వీలుగా ఉంటుందట. వారం పోయాక ఆరిన అల్ట్రామెరీన్ నీలం అంచు పట్టుకు లాగితే ఇడ్లీ ఆకారంలోనే ఊడొస్తుంది.

పోనీ వేసిన రంగైనా వేసినట్టు ఉంటుందా? ఉండదు. అక్రిలిక్ తడిగా ఉన్నంతసేపూ అందులోని రెసిన్ పాలరంగులో ఉంటుంది, ఆ తెలుపు వల్ల రంగు లేతగా కనబడుతుంది. ఆరేసరికి రెసిన్ తేటపడి, అసలు రంగు ముదురుగా బయటపడుతుంది. పొద్దున 'శరత్కాల ప్రశాంతి' అని మొదలుపెట్టిన బొమ్మ భోజనాల వేళకి కార్తీక అమావాస్య అయి కూర్చుంటుంది. ఆవిడ అలవాటుపడింది. రెండు ఛాయలు లేతగా కలుపుతుంది, దానికో లెక్క ఉంది. నేను మాత్రం ఇప్పటికీ తడి బొమ్మని మెచ్చుకుని, ఆరాక మాట మార్చుకుంటూ ఉంటాను.

సై ట్వాంబ్లీ అనే అమెరికా చిత్రకారుడు 1990లలో ఇటలీలో ఉంటూ నాలుగు ఋతువుల్నీ నాలుగు కాన్వాసుల మీద వేశాడు. ఒక్కోటీ 3 మీటర్ల పైన ఎత్తు. అంత సీలింగు మా అపార్ట్‌మెంటులో లేదు కాబట్టి మా ఆవిడ తన ఋతువులకు చిన్న కాన్వాసులతోనే సరిపెట్టుకుంది. కానీ మనకు ఋతువులు ఆరాయె. హేమంతం కోసం కొన్న బూడిదరంగు ట్యూబు మూత కూడా తీయలేదు, మా ఊరి హేమంతానికి అంత అవసరం పడలేదు. గ్రీష్మానికి మాత్రం ఎరుపు, నారింజ, పసుపు కుమ్మరించింది. కాన్వాసు భగభగ మండిపోతోంది. నాకు భలే నచ్చింది.

ఆ వారమే దివిసీమ నుంచి మా అత్తగారు వచ్చారు. ఆవిడకు ఋతువులతో పనిలేదు, అన్నీ కార్తెల లెక్కే. అశ్విని నుంచి రేవతి దాకా ఇరవై ఏడూ ఏకరువు పెడతారు.

"ఏంటే ఇది?"

"గ్రీష్మం అమ్మా. ఎండాకాలం."

అత్తగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఎండాకాలం ఎర్రగా ఉంటుందని ఎవరు చెప్పారే నీకు?"

"అది ఫీలింగమ్మా!"

"ఫీలింగైతే మాత్రం? రోహిణిలో ఒంటిగంటకి మేడ మీదకెళ్లి చూడు. ఆకాశం ఎరుపూ కాదు, నీలమూ కాదు. తెల్లగా, వెలిసిపోయిన పంచెలా ఉంటుంది. కళ్లు చిట్లించకుండా చూడలేవు. నీ ఎరుపు పొద్దుగూకే వేళకొస్తుంది, అప్పటికి చల్లబడినట్టే లెక్క."

సాయంత్రమంతా తల్లీకూతుళ్లకు మాటల్లేవు. మధ్యలో నేను ఫ్యాను వేస్తే ఇద్దరూ ఏమీ అనలేదు. అంత సీరియస్ అన్నమాట.

రాత్రి ఏ రెండింటికో మెలకువొచ్చి చూస్తే ముందుగదిలో లైటు. మా ఆవిడ పెయింటింగ్ కత్తి మొన మీద బఠాణీ గింజంత పసుపుమట్టి రంగు తీసుకుని, ఇంత టైటానియం తెలుపులో కలిపి, మందంగా కాన్వాసు మీద అడ్డంగా లాగుతోంది. అడుగున ఎరుపు ఆరిపోయి ఉంది కాబట్టి చెక్కుచెదరలేదు. తడి నూనెరంగే అయ్యుంటే రెండూ కలిసి గులాబీరంగై ఏడ్చేవి. కత్తి గుడ్డ నేత మీద ఎగిరెగిరి పడ్డచోటల్లా తెలుపు అంటక, చుక్కలు చుక్కలుగా ఎరుపు తొంగి చూస్తోంది. కుడిచేతి వైపు కింద మూలన అరచేతి వెడల్పున ఎరుపుని అలాగే వదిలేసింది. అక్షరాలా వడగాలి. చల్లటి రాత్రి పూట నాకు దాహం వేసింది. ఆవిడ వేసిన వాటిలో అంత మంచిది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

పొద్దున్నే అత్తగారు దానివంక చూసి కళ్లు చిట్లించారు. "అబ్బ, చూడలేకపోతున్నానే" అని కాఫీకి వెళ్లిపోయారు. మా ఆవిడ ఆ మాటని సన్మానపత్రంలా స్వీకరించింది. బొమ్మ పేరు 'రోహిణి'గా మారింది.

దాన్ని గోడకు తగిలించడం ఇంకో ఘట్టం. డ్రిల్లింగు మెషీనుతో వచ్చిన ఎలక్ట్రీషియన్ బొమ్మని రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఏది పైన సార్? ఇలా పెడితే ఎండ కొడతన్నట్టుంది, అలా పెడితే గడ్డివాము తగలబడతన్నట్టుంది. మీకేది కావాలి?" నవ్వడానికి వీల్లేదు. 1961లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో మతీస్ అనే చిత్రకారుడు చేసిన 'పడవ' అనే కాగితపు బొమ్మ 47 రోజులు తలకిందులుగా వేలాడింది. లక్షమందికి పైగా సందర్శకులు తలలూపి వెళ్లిపోయారు. చివరికి కనిపెట్టింది ఒక స్టాక్ బ్రోకరు. మా ఎలక్ట్రీషియన్ ముందుగానే అడిగాడు, ఆ మ్యూజియం వాళ్లకన్నా జాగ్రత్తపరుడు.

ఆమధ్య నలుగురు చిత్రకారులు కలిసి పెట్టిన ప్రదర్శనలో 'రోహిణి' కూడా పెట్టారు. స్థిరాస్తి వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన దాని ముందు ఆగి, చెయ్యి వెనక్కి కట్టుకుని, "చదరపు అడుగు ఎంత పడుతుంది?" అన్నాడు. పక్కనున్న కుర్ర చిత్రకారుడు మొహం అదోలా పెట్టాడు కానీ, అందులో తప్పేముంది? చాలామంది చిత్రకారులు చదరపు అంగుళం చొప్పునే వెల కడతారు. నేను ఉత్సాహం ఆపుకోలేక చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా సంగతెత్తాను. ఆయన 1983లో వేసిన 'సౌరాష్ట్ర' కూడా అక్రిలిక్కే, 2 మీటర్లకు 2 మీటర్లు. 2010లో లండన్ క్రిస్టీస్ వేలంలో 16 కోట్ల రూపాయలకు పైగా పలికింది. పెద్దమనిషి ఫోను తీసి లెక్క కట్టాడు. 43 చదరపు అడుగులు. అడుగు 37 లక్షల పైమాటే.

"జూబ్లీహిల్స్‌లో కూడా అంత లేదు సార్!" అన్నాడు, మొదటిసారి కళ మీద గౌరవం కలిగినవాడిలా. మళ్లీ 'రోహిణి' దగ్గరకు జరిగి, కుడివైపు కింద మూల ఉన్న ఆ ఎరుపు దగ్గర వేలు ఆడించాడు.

"మేడమ్, ఈ కార్నర్ బిట్ ఒక్కటీ విడిగా ఇస్తారా?"

మా ఆవిడ తొణక్కుండా అంది, "అది వెస్ట్ ఫేసింగండీ, మీకు పనికిరాదు."