హెడర్లు బిగించడం ఒక్క శనివారం పని

1932 ఫోర్డ్ ఫ్రేములో షెవ్రొలే స్మాల్‌బ్లాక్ వీ8 దించినవాళ్లంతా చివరికి ఒకే చోట తల పట్టుకుంటారు. ఇంజనుకు ఎడమ పక్క. జానెడు సందు. అందులోనే ఇంజన్ పొగను బయటికి పంపే నాలుగు హెడర్ గొట్టాలు కిందికి దిగాలి, ఇంజన్ మౌంటు కూర్చోవాలి, స్టీరింగ్ షాఫ్టు ముందుకు పోవాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారు పెద్దలు. పెద్దల చేతిలో సుత్తి లేదు, మీ చేతిలో ఉంది. అమెరికాలో ఎంతోమంది హాట్ రాడ్ ప్రియులు ఈ సందు దగ్గర నెలలు కరగబెట్టుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. పొద్దున కాఫీ తాగి మొదలుపెట్టి సాయంత్రానికి చేతులు కడుక్కునే పద్ధతి చెబుతాను, రాసుకోండి.

1. కొలవకండి. మరీ శ్రద్ధగలవాళ్లు ఖాళీ బ్లాకు, హెడ్లు, బెల్‌హౌసింగ్ ఫ్రేములో పెట్టి, స్టీరింగ్ బాక్సు బిగించి, షాఫ్టుకు బదులు ఓ కర్ర దూర్చి, ఆ తర్వాత హెడర్లు ఆనించి చూసుకుంటారు. ఆ కర్రే వాళ్ల కొంప ముంచేది. ఎక్కడ తగులుతుందో చూపించేస్తుంది. కనబడ్డ తప్పును సరిదిద్దాలి, కనబడని తప్పుతో ఏ పనీ ఉండదు. అందుకని ఇంజనుకు రంగు వేసి, ఆఖరి బోల్టు దాకా బిగించి, ఫ్రేములో దించేశాకే హెడర్ల సంగతి తలుచుకోండి.

2. హెడర్లు స్వాప్ మీట్‌లో కొనండి, పెట్టె లేకుండా. పెట్టె ఉంటే దాని మీద ఏ బండికి సరిపోతాయో రాసి ఉంటుంది, రేపు సాకు చెప్పుకోవడానికి దారి మూసుకుపోతుంది. బ్లాక్‌హగ్గర్ రకం జోలికి పోకండి. అవి బ్లాకును అంటిపెట్టుకుని దిగి స్టీరింగ్‌కు చోటు వదిలేస్తాయి. పోత ఇనుముతో చేసిన పాత ర్యామ్స్ హార్న్ మానిఫోల్డులూ అంతే. తేలిగ్గా పట్టేసినదాన్ని చూసి ఎవరూ మెచ్చుకోరు. పొడుగాటి గొట్టాలవే తీసుకోండి. రేకు పలచగా ఉండాలి. 18 గేజి అయితే 1.2 మిల్లీమీటర్లు, సుత్తికి చెప్పిన మాట వింటుంది. 14 గేజిది మొండిఘటం.

3. ఇక అసలు పని, సుత్తి. పనివాళ్లు గొట్టాన్ని తగిలేచోట ఎర్రగా కాల్చి, గుండ్రటి ముక్కు సుత్తితో అవసరమైనంత చిన్న సొట్ట పెడతారు. కాల్చడానికి టార్చి తేవాలి, గొట్టం ఊడదియ్యాలి, మళ్లీ బిగించాలి. మీరు బండి మీదే ఉంచి, చల్లగానే కొట్టండి. క్రోమ్ వేయించాకే కొట్టండి, ముందే కొడితే ఆ సొట్ట మీద కూడా క్రోమ్‌కు డబ్బులు పోయాలి. సగం గొట్టం మూసుకుపోయిందా? కంగారు పడకండి. పొగకు దాని దారి దానికి తెలుసు. సొట్ట సరిపోలేదనిపిస్తే ఇంకోటి పెట్టండి, రెండోది ఎప్పుడూ మొదటిదానికన్నా బాగా కుదురుతుంది.

4. ఇంజన్ మౌంటు. స్మాల్‌బ్లాక్‌లో పక్కకు మూడు బోల్టులు. హెడర్ అడ్డొచ్చి పానా దూరని బోల్టు దేవుడు వద్దన్న బోల్టు, వదిలేయండి. గొట్టం మౌంటుకు తగిలితే గొట్టాన్ని కాదు, మౌంటునే అరగదీయండి. అది లోపలెక్కడో ఉంటుంది, ఎవరికీ కనబడదు. గొట్టానికీ షాఫ్టుకూ మధ్య ఎంత ఖాళీ ఉంచాలని అడుగుతారు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పోస్టుకార్డు దూరితే చాలు. యాక్సిలరేటర్ తొక్కితే వీ8 ఎడమ పక్కనే పైకి లేస్తుంది, ఆ లేచే పక్కనే స్టీరింగ్ ఉంటుంది, నిజమే. తొక్కినప్పుడు బానెట్ కింద తల పెట్టి చూసేదెవరు? మౌంటు తెగుతుందని బెదిరించేవాళ్లకు 1971 సంగతి చెప్పండి. మౌంట్లు తెగి ఇంజన్లు లేస్తున్నాయని జనరల్ మోటర్స్ సుమారు 67 లక్షల బండ్లను వెనక్కి పిలిచి, ఇంజను లేవకుండా కేబుల్ కట్టి పంపింది. అంత పెద్ద కంపెనీ కేబుల్‌తో సరిపెట్టుకుంది. మీ ఇంట్లో బట్టలారేసే తీగ ఉంది కదా.

5. స్టీరింగ్. ఫ్రేము ముందు భాగంలో షెవ్రొలే వేగా కారు స్టీరింగ్ బాక్సు పెడితే షాఫ్టు హెడర్ పక్కనుంచే పోవాలి. వంకర తిప్పడానికి యూ జాయింట్లు వాడతారు. ఒక్కో జాయింటు 35 డిగ్రీలకు మించి వంగకూడదంటారు, మూడో జాయింటు పెడితే షాఫ్టుకు మధ్యలో ఆసరా బేరింగు తప్పదంటారు. ఆ బేరింగుకు బ్రాకెట్ చెయ్యాలి, ఫ్రేముకు వెల్డింగ్ పెట్టాలి. మీరు మూడో జాయింటు పెట్టి బేరింగు మానేయండి. షాఫ్టు తాడులా ఊగితే ఊగనివ్వండి, గొట్టం తగిలినచోట అదే తప్పుకుంటుంది. జాయింటు మరలు దిగడానికి షాఫ్టులో గుంట తొలవాలన్న నియమమూ ఉంది. మర బిగుసుకుంటే చాలు, గుంట దేనికి? రబ్బరు కప్లింగును హెడర్‌కు ఎంత దగ్గరైతే అంత దగ్గర పెట్టండి. వేడికి మెత్తబడి స్టీరింగ్ చేతికి హాయిగా ఉంటుంది.

పరీక్ష ఇలా చెయ్యాలి. బండిని జాకీల మీద లేపి, ఇంజన్ ఆపి, స్టీరింగ్ రెండు వేళ్ల మేర అటూ ఇటూ కదిపి దించేయండి. చివరంటా ఎడమకు తిప్పకండి. తిప్పితే తగులుతుంది, తగిలితే మళ్లీ పని. యూపీఎస్ డెలివరీ బండ్లు కూడా వీలైనంతవరకు ఎడమ మలుపు లేకుండానే దారులు వేసుకుంటాయి.

6. ప్లగ్గులు ముందే వేసి, వాటి మీదుగా హెడర్లు బిగించేయండి. ఇక ఏడో నంబరు ప్లగ్గు ఎవరికీ అందదు, మార్చే బాధ తప్పింది.

7. ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక హెడర్ బోల్టులు మళ్లీ బిగించాలంటారు. ఒకసారి బిగించినవాడు రెండోసారి బిగిస్తే మొదటిసారి సరిగా బిగించలేదని ఒప్పుకున్నట్టే. గ్యాస్కెట్ కాలి టపటపా మోగుతుంటే, 1930ల్లో కాలిఫోర్నియాలో మ్యూరాక్ ఎండు సరస్సు మీద మఫ్లర్లు పీకేసి తోలినవాళ్ల సంప్రదాయం పాటిస్తున్నానని చెప్పండి.

8. మీరు డల్లాస్‌లో ఉంటే, మీ వీధి తెలుగువాళ్లు సంక్రాంతి నాడు బండెక్కించమని పట్టుబడతారు. "కార్బురేటర్ ట్యూనింగులో ఉందండీ" అనండి. హెడర్ అనకండి, అంటే చూపించమంటారు. బావమరిది వినకపోతే, "నీ కొత్త బట్టలకు నూనె అంటుతుంది" అని వాళ్లావిడ ముందు అనండి. మిగతాది ఆవిడే చూసుకుంటుంది.

9. అమ్మేటప్పుడు ప్రకటనలో "పని దాదాపు పూర్తయింది" అని రాయండి. స్టీరింగ్ తిన్నగా పెట్టి, ఇంజన్ చల్లగా ఉంచి, పొద్దు వాలాక రమ్మనండి. కొనేవాడు ఎడమకు తిప్పి చూస్తానంటే గ్యారేజీ ఇరుకని చెప్పండి. బండిని ఎడమ గోడకు ఆనించి పెట్టమని ముందే చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.