కబంధుడి చుట్టాన్ని

నాకు మూడు కాళ్లు: రెండు పొడుగు, ఒకటి పొట్టి. నాలుగు చేతులు. నోరేమో కడుపు మీద. రామాయణంలోని కబంధుడికి చుట్టమని ఎవరైనా అంటే కాదనను. కాకపోతే నా ఆకారానికి కారణం శాపం కాదు, సెలవుల్లో పొద్దుపోని ఒక పిల్ల. 2008 సెప్టెంబరులో స్పోర్ అనే వీడియోగేమ్ వచ్చింది. జీవుల్ని తయారుచేసే భాగాన్ని మాత్రం జూన్‌లోనే విడిగా వదిలారు. నేను దాంట్లో పుట్టాను. ఆ పిల్ల తెర మీది ముద్దను మౌస్‌తో పట్టి లాగితే వెన్ను సాగింది. కాళ్లు అతికించింది, నోరు తగిలించింది. బటన్ నొక్కగానే నడిచేశాను, చిందు కూడా వేశాను.

ఇందులో విచిత్రమేమిటంటే, నాకు నడకా ఆటా నేర్పిన వాళ్లెవరూ నన్ను చూడలేదు. నేను పుట్టకముందే వాళ్ల పని అయిపోయింది.

మామూలుగా ఆటలో ఒక తోడేలు కావాలంటే దానికో ఎముకల గూడు కడతారు. నడక, పరుగు, కాటు, చావు ఒక్కొక్కటీ యానిమేటర్ కూర్చుని దిద్దాలి. ఎలుగుబంటి కావాలంటే పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఎంత పెద్ద ఆటలోనైనా కొంచెం పరీక్షగా చూడండి, ఒకే గూడు రెండు మూడు జంతువులకు తొడిగి ఉండటం కనిపిస్తుంది. స్పోర్‌లో ఆ దారి కూడా లేదు. ఆడేవాళ్లు ఎన్ని కాళ్లు పెడతారో, వాటిని ఎక్కడ పెడతారో ఎవరికి తెలుసు?

విల్ రైట్ ఊహించిన ఈ ఆటను కాలిఫోర్నియాలోని మాక్సిస్ సంస్థ తయారుచేసింది. అక్కడ క్రిస్ హెకర్, ఆయన సహచరులు ఈ చిక్కు విప్పిన తీరును అదే ఏడాది సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో వివరించారు. యానిమేటర్ ‘కుడి మోచేయి ఇంత వంచు’ అని చెప్పడు. ‘పట్టుకోగల అవయవాలన్నీ నోటి దగ్గరికి’ అంటాడు. ఆ మాటకు నా ఒంటి మీద అర్థం వెతకడం ఆట నడుస్తుండగా యంత్రం చేసే పని. చేతులు ఎక్కడికి చేరాలో తేలాక, ముందు వెన్ను వంగుతుంది, ఆపైన చేతులూ కాళ్లూ సర్దుకుంటాయి. నాకైతే నాలుగు చేతులూ కడుపు మీదికే వస్తాయి. చేతుల్లేని జీవి నోటితోనే అందుకుంటుంది.

అసలు తంటా కొలతలతో. ‘చెయ్యి పైకెత్తు’ అంటే ఎంత పైకి? చేతి పొడవును బట్టా, నేల నుంచి ఎత్తును బట్టా? చప్పట్లకు ఒక కొలత, నేల మీది పండు తీయడానికి ఇంకొకటి. ఏ కదలికకు ఏది తగునో యానిమేటరే తేల్చి రాసిపెట్టాలి. పొట్టివీ, పొడుగువీ, కాళ్లే లేనివీ నమూనా జీవుల్ని తెర మీద పక్కపక్కన నిలబెట్టి, అన్నిటి మీదా ఒకేసారి సరిచూసుకునేవాళ్లు. నడక మాత్రం కాళ్ల పొడవును బట్టి యంత్రమే లెక్కగడుతుంది. నా పొట్టికాలి కుంటుతనం దాని పుణ్యమే.

లోపాలు లేవని బుకాయించను. ఒక్కోసారి నా చెయ్యి నా తొడలోంచే దూరిపోతుంది. 2005లో వచ్చిన షాడో ఆఫ్ ద కొలోసస్ అనే వీడియోగేమ్‌లో మహాకాయులు 16 మందే. వాళ్లు అడుగు వేస్తే నేల అదిరినట్టుంటుంది. ఎవరో ఒకరు ఆ ఒక్క ఒంటి కోసమే కూర్చుని దిద్దిన బరువది. నాకు అది లేదు, రాదు కూడా. అందరికీ సరిపడేలా రాసిన కదలిక ఎవరికీ అచ్చంగా అతకదు. కానీ వాళ్లు 16 దగ్గర ఆగిపోయారు. మేము లక్షలు దాటాం.

పైగా నేను చాలా తేలిక. నా రూపమంతా ఒక చిన్న బొమ్మ ఫైల్‌లో ఇమిడిపోతుంది. కదలికలు నా వెంట రావు, అవి ప్రతి కంప్యూటర్‌లోనూ ముందే ఉంటాయి. అలా ఇంటర్నెట్ ఎక్కి ఎవరెవరి గ్రహాలకో వెళ్లాను. ఒకచోట పాట పాడి స్నేహం చేశారు. ఇంకోచోట వేటాడి తిన్నారు. మూడు కాళ్లవాడు ఎలా కూలిపడాలో కూడా నాకు నడక నేర్పినవాళ్లు ముందే ఆలోచించి ఉంచారు.