ఆసుపత్రి రోజుల్లో ఇంటాయన

ఇంటాయన అన్న హోదా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పెళ్లితోనే దక్కుతుంది. ఆ హోదాకు పరీక్ష మాత్రం ఇంటావిడ ఆసుపత్రిలో చేరిన రోజున వస్తుంది. అంతవరకూ ఇల్లు నడుపుతున్నది తానేనని ఆయనకు గట్టి నమ్మకం. కరెంటు బిల్లు కట్టేది తనే, ఎరువుల కొట్లో ఖాతా ఉన్నది తన పేరునే, శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది తననే. పాలు ఎప్పుడు తోడుపెట్టాలి, ఉప్పు ఏ డబ్బాలో ఉంటుంది, మోటారు ఎంతసేపు వెయ్యాలి వంటివి కూడా ఇల్లు నడపడం కిందికే వస్తాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఈ రకం మనుషులు సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో దండిగా కనిపిస్తారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ ఊళ్లు కొన్ని పల్నాడుకు, కొన్ని బాపట్లకు వెళ్లాయిగానీ ఇంటాయన లక్షణాల్లో విభజన జరగలేదు. వయసు యాభై దాటి ఉంటుంది. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటారు. సొంతమో కౌలో కాస్త పత్తి, కాస్త మిరప, దొడ్లో ఒక గేదె ఉంటాయి. ఒంటి మీద తెల్ల పంచె, తెల్ల చొక్కా తప్ప మరోటి కనిపించదు.

చేసే పనిలో ఆయన పాండిత్యానికి వంక పెట్టలేం. పత్తి గుప్పెట పట్టి తేమ 8 శాతం ఉందో 12 దాటిందో చెప్పేస్తాడు. సీసీఐ పత్తి కొనుగోలు కేంద్రంలో మిషను పెట్టి చూసేది ఆ తర్వాతే. ఎండుమిరపకాయను చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడును బట్టి అది కోల్డు స్టోరేజీకి పనికొస్తుందో, ఇంకో రెండు రోజులు కళ్లంలో ఉండాలో తేలుస్తాడు. మిరప రకాల్లో తేజకూ 341కీ తేడా చీకట్లో తడిమి చెబుతాడు. తను తినే అన్నం బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన 5204 రకమని కూడా తెలుసు. ఆ బియ్యం గ్లాసుకి ఎన్ని గ్లాసుల నీళ్లు పోయాలన్న దగ్గర మాత్రం ఆయన చదువు ఆగిపోయింది.

ఇది ఈ రెండు జిల్లాల లోపమే కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వేలో, రోజు మొత్తమ్మీద ఇంటిపని ముట్టుకున్నవాళ్లు ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం అని తేలింది. ముట్టుకున్న ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పనిచేశారు. ఇంటాయన్ని అడిగితే ఆ 26 శాతంలో తానూ ఉన్నానంటాడు. ఆదివారం కోడిమాంసం తెచ్చేది ఆయనే. సరుకులు తేవడం కూడా ఇంటిపని లెక్కలోకే వస్తుంది గనక ఆయన మాట కొట్టిపారెయ్యలేం.

ఇంటావిడ జబ్బు ఒక్కరోజున బయటపడేది కాదు. కడుపులో నొప్పి దసరాకే మొదలవుతుంది. పత్తితీతలు దగ్గరకొచ్చాయి గనక సంక్రాంతి తర్వాత చూద్దామంటుంది. సంక్రాంతి తర్వాత మిరప కోతలు, కూలీల హడావుడి. ఆ తర్వాత కాయ కళ్లంలో ఉంటుంది, ఆకాశంలో మబ్బు ఉంటుంది. కాయ గుంటూరు యార్డుకు వెళ్లి డబ్బు చేతికొచ్చాక గానీ డాక్టరు గడప తొక్కదు. అప్పటికి పిత్తాశయంలో రాళ్లనో, గర్భసంచి తియ్యాలనో తేలుతుంది. ఈ రెండోది ఇక్కడ ఎంత మామూలైపోయిందో 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది: 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇన్ని ఆపరేషన్లు నిజంగా అవసరమా అన్న ప్రశ్న వైద్యుల్లోనే ఉంది. ఇంటాయన ఆ ప్రశ్న అడగడు. ఆయన అడిగేది ఒక్కటే, ఎన్ని రోజులు ఉండాలని.

ఆడవాళ్లు వైద్యానికి గుంటూరు రావడం కొత్త సంగతి కాదు. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్ స్త్రీల కోసం ఇక్కడ ఆసుపత్రి తెరిచింది 1898లో. ఇప్పుడు పెద్దాసుపత్రి ఉంది, కొత్తపేట నిండా నర్సింగ్ హోములున్నాయి, ఒంగోలు వైపువాళ్లకు రిమ్స్ ఉంది. ఆడవాళ్ల వార్డులో రాత్రిపూట మగమనిషిని సాధారణంగా ఉండనివ్వరు. అందుకని ఆవిడకు తోడు చెల్లెలో ఆడపడుచో వెళ్తుంది, ఇంటాయన ఇంట్లో మిగులుతాడు. స్త్రీల ఆసుపత్రులకు నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. ఇంట్లో మిగిలిన మొగుళ్ల చరిత్ర ఎవరూ రాయలేదు.

బయల్దేరేముందు ఆవిడ చెప్పాల్సినవన్నీ చెబుతుంది. గేదెకు పొద్దున్నే కుడితి పెట్టాలి. పత్తిచెక్క రాత్రే నానబెట్టాలి. మంచినీళ్ల కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టొద్దు. పాలు కాగేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదలొద్దు. ప్రతిదానికీ ఆయన “ఆఁ, తెలుసులే” అంటాడు. జరగబోయే నష్టాలన్నీ ఈ జాబితాలో ఉన్నవే.

మొదటి ఫోను ఆవిడకు సెలైను ఎక్కుతుండగా వస్తుంది.

“ఇదిగో, ఉప్పేదీ?”

“గట్టు మీద హార్లిక్స్ సీసాలో.”

“అందులో బెల్లం ఉందే.”

“అది పాత సీసా. ఉప్పు మూత పగిలినదాంట్లో.”

“మూత పగిలినదాంట్లో శనగపప్పు.”

“అయితే దాని వెనక చూడండి.”

“దాని వెనక గోడ ఉంది.”

ఈ సీమ వంటింట్లో ఏ డబ్బాలోనూ దాని మీద రాసి ఉన్న వస్తువు ఉండదు. బూస్టు డబ్బాలో జీలకర్ర, బిస్కెట్ల రేకు డబ్బాలో ఎండుమిరపకాయలు, నెయ్యి సీసాలో చింతపండు ఉంటాయి. చెయ్యి ఎంత తరచుగా చాచాల్సి వస్తుందన్నదాన్ని బట్టి సర్దిన వరస అది. ఇంటాయన డబ్బాలన్నీ కిందికి దించి, మూతలు తీసి, వాసన చూసి, ఎత్తును బట్టి మళ్లీ సర్దుతాడు. అన్ని నష్టాల్లోకీ ఆవిడ మర్చిపోలేనిది ఇదే.

అన్నం సంగతి తొందరగానే తేలుతుంది. కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పొయ్యాలి, పాతవాటికి ఎక్కువ. బస్తా ఎప్పుడు మర పట్టించిందో ఆవిడకే గుర్తు. ఇంటాయన పొలానికి తడి పెట్టినట్టు పెడతాడు, అన్నం జావవుతుంది, జావ కుడితిగోలెంలోకి వెళ్తుంది. రెండో రోజు పప్పులో తాలింపు. నూనె పొగలు కక్కుతుండగా గుప్పెడు తేజ కాయలు పడేసరికి పక్క వీధి దాకా దగ్గు వినిపిస్తుంది. మిరప ఘాటు కాప్సైసిన్ అనే పదార్థానిది. అది నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. చేతికి ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలని కోతలకొచ్చే కూలీలకు తెలుసు. ఇంటాయన ఉత్త నీళ్లతో కడిగి, కడిగానన్న ధైర్యంతో కన్ను నలుపుకుంటాడు. మూడో రోజు నుంచి తన మట్టుకు గొడ్డుకారం, నెయ్యి, ఆవకాయల మీద స్థిరపడతాడు. ఆవకాయ జాడీలో అప్పటికే తడి గరిటె మునిగింది.

వంటింటి తలుపు వెనక వేలాడే వెంకట్రామా క్యాలెండరు ఆవిడ చిట్టా. పాలు ఎక్కువ పోసిన రోజుకు చుక్క, చీటీ కట్టే తేదీకి సున్నా, పనిమనిషి రాని రోజుకు అడ్డగీత. ఒక తేదీ పక్కన ‘గ’ అని ఉంటుంది. గ్యాసు బండ మార్చిన తేదీ అదేనని ఇంటాయన తేల్చుకుంటాడు. నెల కూడా కాలేదు గనక ఇప్పుడే బుక్ చెయ్యాల్సిన పని లేదనుకుంటాడు. నిజానికి అది గేదెను దున్నపోతుకు కట్టించిన తేదీ. దాని గడువు పది నెలల పైమాట. బండ ఆ సాయంత్రమే, పప్పు సగం ఉడికాక అయిపోతుంది. గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 కిలోలకు దగ్గరపడే నిండు బండను పక్కింటి నుంచి బదులు తెచ్చి అవలీలగా దించుతాడు. మిర్చి టిక్కీలు మోసిన భుజాలవి. రెగ్యులేటరు దగ్గరే చిక్కు. లోపల నల్ల వాషరు ఉందో లేదో చూడకుండా బిగిస్తే బుస్సుమంటుంది. లీకైతే తెలియాలనే గ్యాసులో వాసన కలుపుతారు. వాసన రాగానే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా తలుపులు బార్లా తీసి, రెగ్యులేటరు కట్టేసి, బయటికొచ్చి 1906కు ఫోను చెయ్యాలి. ఇంటాయన బండ పక్కనే నిలబడి వార్డుకు చేస్తాడు.

గేదె విషయం మరీ సున్నితం. రోజూ పిండే చెయ్యి మారితే అది చేపదు. పొదుగులోంచి పాలు దిగాలంటే ఆక్సిటోసిన్ విడుదల కావాలి. కొత్త మనిషిని చూసి బెదిరితే అడ్రినలిన్ దానికి అడ్డం పడుతుంది. ఊళ్లోవాళ్లకు ఈ పేర్లు తెలియవుగానీ మందు తెలుసు: ఆవిడ చీర కట్టుకుని పిండమంటారు. ఇంకా చీకటి ఉండగానే ఇంటాయన పంచె మీద ఆవిడ పాత నేతచీర చుట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని, చెంబు పట్టుకుని కొట్టంలోకి వెళ్తాడు. గేదె మెడ తిప్పి కిందినుంచి మీదికి చూస్తుంది. దూడను వదిలి, నాలుగు గుక్కలయ్యాక పక్కకు లాగాలి. లాగేసరికి దూడ నోట్లో కొంగు ఉంటుంది. చెంబులో అరలీటరు పడిందో లేదో, గోడ అవతల్నుంచి పక్కింటావిడ పలకరిస్తుంది: “వదినా, అప్పుడే వచ్చేశావా?” బదులు చెబితే గొంతు బయటపడుతుంది. చెప్పకపోతే వదినకు కోపమొచ్చిందనుకుంటారు. ఇంటాయన వదినకు కోపమే తెప్పిస్తాడు. తెల్లారేసరికి, డిశ్చార్జి అయి వచ్చిన మనిషి పలకనైనా పలకడం లేదన్న ఫిర్యాదు వార్డులో ఉన్న మనిషికే చేరుతుంది.

బట్టల్లో పోయేది పంచె రంగు. కొత్త పసుపురంగు తువ్వాలుతో కలిపి వాషింగు మెషీన్లో వేస్తే తెల్ల పంచె లేత పసుపుకు తిరుగుతుంది. వేరే చోట అయితే ఇది చాకలి సమస్య. ఈ జిల్లాల్లో రాజకీయ సమస్య. టీకొట్టు దాకా వెళ్లి వచ్చేలోపు ఆయన ఏ పార్టీలోకి మారాడన్నది ఊరు తేల్చేస్తుంది. మోటారు కట్టేయకుండా అదే టీకొట్టు దగ్గర కూర్చోవడం, ట్యాంకు పొర్లి వీధి తడవడం లెక్కలోకి రానంత మామూలు.

ఇరుగుపొరుగు ఊరుకోరు. ఒకరు పప్పుచారు, ఒకరు గోంగూర, ఒకరు గారెలు స్టీలు గిన్నెల్లో పంపుతారు. గిన్నెలు తిరిగివ్వడం వంట కన్నా కష్టం. ప్రతి గిన్నె మీదా పేరు చెక్కి ఉంటుంది గనక ఇంటాయన ధైర్యంగా బయల్దేరతాడు. ఆ పేరు గిన్నె సొంతదారుది కాదు, ఎప్పుడో పెళ్లిలో దాన్ని చదివించిన బంధువుది. ఆ పేరు పట్టుకుని వెతికితే ఒక గిన్నె వినుకొండకు, ఒక గిన్నె అద్దంకికి చేర్చాల్సి వస్తుంది.

ఇవేవీ ఆవిడకు తెలియకూడదన్నది ఇంటాయన విధానం. మత్తు దిగగానే ఆవిడ అడిగే మొదటి మాట “గేదెకు కుడితి పెట్టారా?” ఆయన చెప్పేది “అంతా బాగానే ఉంది.” మిగతాది ఆవిడ చూసి తెలుసుకుంటుంది. ఎర్రబడ్డ కన్ను, వేలికి చుట్టిన గుడ్డ, పంచె రంగు, చొక్కాకు మాడు వాసన. నర్సు బీపీ చూసి వెళ్లేలోపు ఇంటి పరిస్థితి మొత్తం ఆవిడకు తెలిసిపోతుంది.

అయినా మనిషి వెనక్కి తగ్గేవాడు కాదు. రోజూ మొదటి ఆర్టీసీ బస్సుకు, మూడు గిన్నెల క్యారేజీతో వార్డు తలుపు దగ్గరుంటాడు. పొరుగువాళ్లు పంపినవి రెండు గిన్నెల్లో పెట్టి, తను చేసిన పప్పు పై గిన్నెలో పెడతాడు. అందులో ఉప్పు ఉండదు, సీసా ఇంకా దొరకలేదు. ఆవిడ ముందు అదే తింటుంది. తినేదాకా ఆయన కిటికీలోంచి స్కూటర్లు చూస్తుంటాడు. తర్వాత ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద తనలాంటి క్యారేజీలవాళ్లతో కూర్చుంటాడు. మొదట యార్డులో తేజ ధర, తర్వాత పత్తికి పట్టిన గులాబీరంగు పురుగు, ఆ తర్వాత ఎవరో ఒకాయన గొంతు తగ్గించి, పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడేస్తేనే పెరుగు గడ్డకడుతుందంటాడు. అందరూ దగ్గరకు జరుగుతారు.

డిశ్చార్జి రోజున డాక్టరు ఆరు వారాలు బరువులు ఎత్తొద్దంటాడు. ఇంటికొచ్చిన ఆవిడ బరువులేవీ ఎత్తదు, మూతలు ఎత్తి చూస్తుంది. జాడీలో బూజు, చీర అంచు దూడ నమిలిన గుర్తు, గట్టు మీద ఎవరివో నాలుగు గిన్నెలు, ఎత్తును బట్టి నిలబడ్డ డబ్బాలు. మొదటి మూడింటికీ ఏమీ అనదు. నాలుగోదాన్ని సరిచెయ్యడానికి మంచం దగ్గరే కూర్చుని, ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కటీ చెప్పి ఆయన చేతే సర్దిస్తుంది. ఉప్పు అప్పుడు దొరుకుతుంది. ఆరు వారాల్లో ఆయన టీ, పెరుగు, ఒక రకం పప్పు నేర్చుకుంటాడు. ఏడో వారం టీ ఒక్కటే మిగులుతుంది.

అనుభవం మాత్రం పోదు. ఊళ్లో మరో ఇంటావిడ ఆపరేషనుకు వెళ్లిందని తెలియగానే ఆ ఇంటాయన దగ్గరకు ముందుగా వెళ్లేది ఈయనే. వాషరు చూసుకోమంటాడు, చేతికి నూనె రాసుకోమంటాడు, 1906 గోడ మీద రాసిపెడతాడు. చీర చుట్టుకునేముందు గోడ అవతల ఎవరైనా ఉన్నారేమో చూసుకోమని కూడా చెబుతాడు. ఎందుకని అడిగితే చెప్పడు.