ఏడో నంబరు స్తంభం

మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ఇరవై రెండు స్తంభాలున్నాయి. అందులో ఏడో నంబరుది తొమ్మిదేళ్లుగా నేను చూస్తున్న చోటే ఉంది. దానికి పసుపు, నలుపు చారలు వేయించింది కూడా నేనే. అసోసియేషన్ ట్రెజరర్ని కదా. అయినా మొన్నామధ్య ఒక శనివారం పొద్దున, రివర్సు తీస్తూ కారు ఎడమ పక్కంతా దానికి రాసేశాను.

సెన్సర్ అరిచింది. అరవలేదని అబద్ధమాడను. కాకపోతే అది పిల్లి అడ్డం వచ్చినా అరుస్తుంది, పేపరు ముక్క ఎగిరినా అరుస్తుంది. దీనికంతా అతి అనుకుని ఇంకో జానెడు వెనక్కి పోనిచ్చాను. ఆ తర్వాత వచ్చిన చప్పుడు మాత్రం సెన్సర్‌ది కాదు.

దిగి చూస్తే వెనక తలుపుకి సొట్ట, బంపరు చిట్లింది. మా ఎర్ర రంగు కొంత స్తంభానికి, దాని పసుపు కొంత మాకు. కొత్త వియ్యంకుల్లా ఇచ్చిపుచ్చుకున్నాం. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి "సార్..." అన్నాడు. ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంట్లో చెప్పలేదు. మూడు రోజులు కారును ఎడమ పక్క గోడకేసి పెట్టాను. నాలుగో రోజు మా ఆవిడ, "ఏవండీ, కారేంటి గోడకి మొహం తిప్పుకుని నిలబడింది?" అంది. చూసింది. తిట్టలేదు. "సరే, ఇన్సూరెన్సు ఉందిగా" అంది. నా అసలు కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

ఎందుకంటే నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. ఇది ఎలా వస్తుందంటే, ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే మన బండికి జరిగే నష్టం తాలూకు ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. రెండో ఏడు 25, తర్వాత 35, 45, అయిదేళ్లు నోరు మూసుకుంటే 50. అక్కడితో ఆఖరు. థర్డ్ పార్టీ ప్రీమియంలో మాత్రం పైసా తగ్గదు. కారు అమ్మేసినా ఆ బోనస్ మనతోనే వస్తుంది, కారుతో పోదు. ఇంతకాలం దాన్ని పెళ్లిళ్లలో, పేరంటాల్లో మా వాడి ఎంసెట్ ర్యాంకు కంటే గట్టిగా చెప్పుకున్నాను. మా బావమరిది పోయినేడు రెండుసార్లు క్లెయిమ్ చేశాడని తెలిసి, "డ్రైవింగ్ అంటే ఓపిక బావా" అని ఫోనులో పావుగంట బోధించాను కూడా.

షోరూంవాళ్లు మొత్తం పదివేలన్నారు. కొత్త బంపరు 4,000, టింకరింగు 1,200, పెయింటింగు 4,800. నేను లాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి, గడులకు రంగులు వేస్తూ కూర్చున్నాను. మా ఆవిడ పాల లెక్క రాసుకునే క్యాలెండరు తిప్పి, దాని వెనక పెన్సిలుతో తేల్చేసింది.

"బంపరు ప్లాస్టిక్, సగం కోస్తారు. రెండు వేలు పోయె. పెయింటింగు బిల్లులో నాలుగో వంతు రంగు ఖరీదు కింద కడతారు, అందులో సగం కోస్తారు. ఆరు వందలు. మనది 1,500 సీసీ లోపు బండి కాబట్టి తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సింది ఇంకో వెయ్యి. మన చేతికి 6,400 వస్తాయి."

ఆ సగం కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ కవరు మనకుంది కదా అంది. రెండేళ్ల కిందట దాన్ని తీయించింది నేనే. పొదుపు అని. ఈ సంగతి అప్పుడే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ పెన్సిలు ఒకసారి ఆగి, మళ్లీ కదిలింది.

"బోనస్ లేకపోతే మన ప్రీమియం 8,000. ఇప్పుడు నాలుగే కడుతున్నాం. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు నాలుగు వేలు ఎక్కువ, ఆపై ఏడు 2,400, తర్వాత 2,000, 1,200, 400. మళ్లీ 50కి ఎక్కేసరికి పదివేలు. ఏటా కారు విలువ తగ్గుతుంది కాబట్టి ఏ ఎనిమిది వేలో అనుకోండి. 6,400 తీసుకుని ఎనిమిది వేలు కడతారా?"

లెక్క అయిపోయింది. ఎదుటివాడికి దెబ్బ తగిలినా, వాడి బండి పాడైనా ఈ బేరాలు చెల్లవు, కంపెనీకి చెప్పి తీరాలి. ఇక్కడ దెబ్బతిన్న ఎదుటివాడు స్తంభం. దాని పెచ్చు ఊడినందుకు థర్డ్ పార్టీ క్లెయిమ్ వేద్దామా అని కూడా ఆలోచించాను. ప్రైవేటు కార్లకు ఇతరుల ఆస్తి నష్టం కింద ఏడున్నర లక్షల దాకా రక్షణ ఉంటుంది. కానీ ఫ్లాట్ ఓనరుగా ఆ స్తంభంలో నాకూ వాటా ఉంది. గుద్దిందీ నేనే, గుద్దించుకుందీ నేనే.

అయినా ఇదంతా పైకి చెప్పే లెక్క. నిజానికి నేను అంతకు ముందే క్లెయిమ్ ఫారం తెరిచి చూశాను. పేరు, పాలసీ నంబరు గబగబా నింపాను. తర్వాత 'ప్రమాదం ఎలా జరిగింది' అని నాలుగు గీతల ఖాళీ. 'నేను చారలు వేయించిన స్తంభాన్ని, సెన్సర్ వద్దంటున్నా వినకుండా' అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆ కాగితం పట్టుకుని సర్వేయరు వస్తాడు, వాచ్‌మన్‌ని అడుగుతాడు, వాడు చెయ్యి చాపి ఏడో నంబరు చూపిస్తాడు. ఆ నాలుగు గీతలు తప్పించుకోవడానికి పదివేలు నాకు పెద్ద లెక్క కాదనిపించింది.

ఇంకో పాపం కూడా ఒప్పుకోవాలి. ఎలాగూ క్లెయిమ్ వేస్తే, కుడి తలుపు మీద పాత గీత ఒకటుంది, దాన్నీ ఇందులో కలిపేద్దామనుకున్నాను. "ఒకే స్తంభం రెండు పక్కలా ఎలా గుద్దుద్దండీ?" అంది మా ఆవిడ. వేరే వేరే రోజుల దెబ్బలకు వేరే వేరే క్లెయిములు, ఒక్కోదానికీ ఒక్కో వెయ్యి. అసలు ఆ గీత ఎప్పటిదని అడిగాను. రైతుబజారు దగ్గర టమాటా బండికి తనే రాసిందట, సంక్రాంతికి ముందు. ఆర్నెల్లుగా కారును కుడి పక్క గోడకేసి పెడుతున్నది ఎవరో అప్పుడు తెలిసింది.

మా వీధి చివర టింకరింగు షాపులో బంపరు అతికించి, సొట్ట తీసి, రెండు పక్కలా రంగు వేసి 4,500 తీసుకున్నారు. నీడలో కలిసిపోయింది. ఎండలో తలుపులు మాత్రం వేరే కారువిలా కనిపిస్తాయి. మేము నీడలోనే పెడుతున్నాం.

ఏడో నంబరు స్తంభానికి రబ్బరు గార్డు కూడా వచ్చింది. మూడేళ్ల కిందట జనరల్ బాడీలో ఎవరో అడిగితే, "చూసి నడిపితే చాలు, ఈ దుబారా ఎందుకు" అని ట్రెజరర్ హోదాలో కొట్టేసింది నేనే. దాని ఖరీదు 350 రూపాయలు. వోచరు మీద సంతకం పెట్టాను. పెచ్చుకి సిమెంటు డబ్బులు మాత్రం నా జేబులోంచే ఇచ్చాను, రసీదు అడగలేదు.